చెరువు కింది ముందుచూపు, బోరు కింది ముందుచూపు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ అమ్మగారి ఊరు నర్సంపేట దగ్గర పాకాల చెరువు ఆయకట్టులో ఉంది, నాన్నగారి ఊరు జనగామ వైపు మెట్ట ప్రాంతంలో ఉంది. రెండు ఇళ్లకూ భూమి ఇంచుమించు ఒకటే, కులం ఒకటే, చదువులూ ఒకటే. అయినా ఒక ఇంట్లో చిన్నపిల్ల పెళ్లినాటికి ఏం కూడబెట్టాలన్న మాట నడుస్తుంది, ఇంకో ఇంట్లో వచ్చే యాసంగి (రబీ పంట) దాటి మాట సాగదు. ఇది నేల వల్ల వచ్చిందా, మనుషుల స్వభావమా, దీన్ని పరిశోధనగా చేపట్టవచ్చా అని అడిగారు. హన్మకొండలో చాలాకాలం భూగోళశాస్త్రం పాఠం చెప్పి, విద్యార్థులను వెంటబెట్టుకొని ఉత్తర తెలంగాణ పల్లెల్లో సర్వేలు చేసినవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. నేల నేరుగా ఎవరి మనసునూ మలచదు. అయితే ఒక చోట చేసిన పని ఎంత కాలానికి చేతికి వస్తుంది, దాన్ని మధ్యలో ఆపగలిగే చెయ్యి ఎవరిది అనే రెండు సంగతులను అక్కడి నీరు, రాయి, దూరం చాలావరకు నిర్ణయిస్తాయి. మనుషులు ఆ గడువు ఎంత ఉంటే అంత దూరమే ముందుకు చూడడం నేర్చుకుంటారు.

ఇలా జాగ్రత్తగా చెప్పడానికి కారణం ఉంది. భూగోళశాస్త్రానికి ఈ విషయంలో మంచి పేరు లేదు. అమెరికా భూగోళవేత్త ఎల్స్‌వర్త్ హంటింగ్టన్ 1915లో వాతావరణానికీ నాగరికతకూ లంకె పెట్టి, చల్లని దేశాల వారికే చురుకుదనం, ముందుచూపు ఉంటాయన్నట్టు తీర్పు చెప్పాడు. ఆ వాదంలో శాస్త్రం కంటే జాత్యహంకారం ఎక్కువ. ఫ్రాన్స్‌లో విదాల్ ద లా బ్లాష్, ఆయన శిష్యులు దానికి భిన్నంగా, ప్రకృతి కొన్ని అవకాశాలను ముందు పెడుతుంది, వాటిలో దేన్ని ఎంచుకోవాలో సమాజం తేల్చుకుంటుంది అన్నారు. నేను ఈ రెండో పక్షమే. అయితే స్థలం ఊహలోకి ఎంత లోతుగా దిగగలదో చూపే గట్టి సాక్ష్యాలు కూడా ఉన్నాయి. పపువా న్యూగినీ కొండల్లోని యుప్నో ప్రజల మీద 2012లో వెలువడిన పరిశీలన వాటిలో ఒకటి. వాళ్లు ఆరుబయట నిలబడి గడిచిన కాలం గురించి మాట్లాడేటప్పుడు చెయ్యి లోయ దిగువకు, అంటే నది సముద్రంలో కలిసే వైపుకు పోతుంది; రాబోయే కాలం గురించి మాట్లాడేటప్పుడు ఎగువకు, నది పుట్టే వైపుకు పోతుంది. మనిషి ఏ దిక్కుకు తిరిగి నిలబడ్డా అంతే. తమ పూర్వీకులు సముద్రం వైపు నుంచి కొండ ఎక్కి వచ్చారన్న జ్ఞాపకం దానికి కారణం కావచ్చునని పరిశోధకులు భావించారు. ఇక్కడ కొండ ఒక్కటే పని చేయలేదని గమనించండి. కొండతో పాటు, ఆ కొండ ఎక్కిన కథ కూడా పని చేసింది.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. వరంగల్ పరిసరాలు రెండు పెద్ద నదుల మధ్య ఎత్తు మీద ఉన్నాయి. రామప్ప, లక్నవరం చెరువుల మత్తడి (అలుగు) దూకిన నీరు గోదావరికి పోతుంది. వాటికి మరీ దూరం కాని పాకాల నీరు మున్నేరు మీదుగా కృష్ణకు పోతుంది. ఇలాంటి చోట పెద్ద నది ఊరి పక్కన పారదు, పడిన వానను పడిన చోటే నిలబెట్టుకోవాలి. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, అంటే 13వ శతాబ్దంలో, ఇంత పెద్ద చెరువులు ఇక్కడే ఎందుకు పుట్టాయన్న ప్రశ్నకు రాజుల ఔదార్యం కంటే ఈ నేల వాలే మెరుగైన జవాబు. గుట్టల మధ్య సందును ఒక కట్టతో మూస్తే చాలు, కట్ట వెనక నీరు మైళ్ల దూరం నిలుస్తుంది. ఒక చెరువు మత్తడి కింది చెరువుకు ఎగువ కాలువ అవుతుంది. గొలుసుకట్టు అంటే అదే.

చెరువు కింది ఊరికి ఈ ఏర్పాటు ఒక ప్రత్యేకమైన ముందుచూపు నేర్పింది. వానాకాలం పోయాక నీరు ఎంత నిలిచిందో తూము దగ్గర చూస్తే ఊరందరికీ ఒకేసారి తెలుస్తుంది. నీరు తక్కువైన ఏడు తైబందీ చేసుకునేవారు. యాసంగిలో ఆయకట్టులో ఎంత భాగం పారుతుంది, ఏ తూము కింద పారుతుంది, ఎవరికి ఎంత మడి వస్తుంది అన్నది నాటుకు ముందే కూర్చొని తేల్చుకోవడం దాని సారం. నీరటి ఆ ఒప్పందం ప్రకారం మడి మడికీ నీళ్లు కట్టేవాడు. దీనిలో గొడవలు లేవని కాదు, చాలా ఉండేవి. పెద్ద రైతు మాటే ఎక్కువసార్లు నెగ్గేది. కానీ రాబోయే ఆరు నెలలు ఎలా ఉంటాయన్నది ఒంటరి మనిషి రాత్రిపూట పడుకొని మథనపడే విషయం కాకుండా, నలుగురి మధ్య లెక్క కట్టే విషయం అయింది. చెరువు నిండని ఏడు వచ్చినా, కట్ట నిలిచి ఉన్నంతకాలం నిండే ఏడు మళ్లీ వస్తుందన్న ధీమా ఉంటుంది. ఎనిమిది వందల ఏళ్ల కట్ట రోజూ కళ్ల ముందు ఉన్నవాళ్లు మనవల కాలం గురించి మాట్లాడడంలో నాకు వింత కనిపించదు. మీ అమ్మమ్మగారి ఇంట్లో మీరు విన్నది ఈ ధీమాకు కొనసాగింపే అయి ఉండవచ్చు.

జనగామ వైపు సంగతి వేరు. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ కథ అంతా భూమి లోపల ఉంది. అక్కడి చల్కా నేల, అంటే ఎర్ర ఇసుక నేల, కింద ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. రాయిలో నీరు ఊరదు. పైన కుళ్లిన రాయి పొరలో కొంత నిలుస్తుంది, ఆ కింద గట్టి రాయిలో పగుళ్లు ఉన్న చోట మాత్రమే దొరుకుతుంది. ఆ పగులు ఎటు పోతుందో పైనుంచి కనిపించదు. అందుకే ఒకరి చెలకలో రెండించుల నీళ్లు పోసే బోరు ఉంటే, గట్టు అవతల అంతే లోతు తవ్విన బోరులో దుమ్ము లేస్తుంది. నదుల ఒండ్రు నేలల్లో ఇలా జరగదు. అక్కడ ఊళ్లో ఒకరికి నీళ్లు పడితే పక్కవారికీ పడతాయి. చేద బావులు, మోట బావులు ఉన్న రోజుల్లో కుళ్లిన పొరలోని నీరే ఆధారం కాబట్టి, బావి ఎండడం నిండడం ఊరంతా ఇంచుమించు ఒకేలా ఉండేది. కరెంటు మోటార్లు, ఆపైన బోర్లు వచ్చాక ఆ పై పొర నీరు అడుగంటింది. చెరువులు పూడిపోయాక దాన్ని తిరిగి నింపేది లేకుండా పోయింది. అప్పటి నుంచి నీటి వెతుకులాట పగుళ్ల వెతుకులాట అయింది.

కనిపించని పగులు మీద బతుకు ఆధారపడినప్పుడు మనిషి రేపటిని ఎలా ఊహిస్తాడు? కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకొని చెలకంతా తిరిగి పాయింటు పెట్టేవాడిని పిలిపిస్తాడు. డబ్బున్నవాడు యంత్రంతో వచ్చే జియాలజిస్టును పిలిపిస్తాడు. రెండింటినీ కలిపి చూసుకునేవారు కూడా తక్కువేమీ కాదు. మూడు బోర్లు పోయాక నాలుగోది వేయడం మూర్ఖత్వమని పట్నంలో కూర్చున్నవారు అంటారు, నేను ఒప్పుకోను. మొదటి మూడింటికి తెచ్చిన అప్పు మిత్తితో (వడ్డీతో) పెరుగుతూ ఉంటుంది, దాన్ని వాన మీద ఆధారపడిన పంట తీర్చలేదు, నీళ్లు పడిన బోరు ఒక్కటే తీర్చగలదు. ఆ లెక్కలో నాలుగో బోరుకు అర్థం ఉంది. కానీ ఆ లెక్క మనిషిని ఒకే ఒక్క రోజు మీద, బోరు బండి వచ్చే రోజు మీద, నిలబెడుతుంది. ఆ రోజుకు అవతల ఏముందో ఊహించడానికి దారి ఉండదు, ఎందుకంటే నీళ్లు పడితే ఒక బతుకు, పడకపోతే పూర్తిగా ఇంకో బతుకు. మీ నాన్నగారి ఇంట్లో మాట యాసంగి దగ్గర ఆగిపోవడానికి మూలం ఇక్కడ వెతకండి. పైగా ఇది ఒంటరి భవిష్యత్తు. చెరువు ఎండితే ఊరంతా కలిసి ఎండుతుంది. బోరు ఎండితే ఒక్కడే ఎండుతాడు, పక్కవాడి పొలంలో నీళ్లు పారుతూ కనిపిస్తుంటాయి.

1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతులు పెద్ద సంఖ్యలో ప్రాణాలు తీసుకున్నప్పుడు చర్చంతా లద్దె పురుగు చుట్టూ, నకిలీ మందుల చుట్టూ, అప్పుల చుట్టూ తిరిగింది. అవి నిజమైన కారణాలే. నా దృష్టిలో వాటి కింద ఇంకో కారణం ఉంది. జొన్న, కంది, ఆముదం కలిపి వేసుకునే చెలకలో ఒక పంట పోయినా ఇంకొకటి నిలిచేది, ముందున్న ఏడాది ముక్కలు ముక్కలుగా చేతికి వచ్చేది. పత్తి, బోరు కలిసి ఆ ఏడాది మొత్తాన్ని ఒకే ముక్కగా చేసి, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తిదారు (కమిషన్ వ్యాపారి) ముందు ఒక్క రోజున తేల్చేశాయి. ఆ రోజు తప్పితే దాని వెనక ఇంకో రోజు లేదనిపించే స్థితి అది. నేల అదే. దాని మీద వేసిన పంట, తెచ్చిన అప్పు గడువును మార్చాయి.

కాలువ కింది ఊళ్లలో మూడో రకం ముందుచూపు కనిపిస్తుంది. దీన్ని అర్థం చేసుకోవాలంటే ఎత్తుల లెక్క ఒకటి గుర్తుపెట్టుకోవాలి. గోదావరి కందకుర్తి దగ్గర తెలంగాణలోకి వచ్చి, ఉత్తరపు అంచు వెంట లోతుగా పారుతూ పోతుంది. వరంగల్ నగరం సముద్రమట్టానికి సుమారు 260 మీటర్ల ఎత్తున ఉంటే, గోదావరి మీది మేడిగడ్డ బరాజ్ పూర్తి నీటిమట్టం 100 మీటర్లే. అంటే మన పక్కనే పారే నది మనకు చాలా కింద ఉంది. వాలు మీద నీళ్లు రావాలంటే ఎగువన పోచంపాడు దగ్గర పట్టుకొని తేవాలి. అక్కడ శ్రీరాంసాగర్ పూర్తి మట్టం 1,091 అడుగులు, ఇంచుమించు 332 మీటర్లు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు నుంచి కాకతీయ కాలువ 146వ కిలోమీటరు దగ్గర లోయర్ మానేరు జలాశయాన్ని చేరి, అక్కడి నుంచి వరంగల్ వైపు సాగి, 284వ కిలోమీటరు తర్వాత రెండో దశగా డోర్నకల్, సూర్యాపేట ప్రాంతాల దిశగా పోతుంది. ఇంత పొడవైన కాలువలో మొదట ఉన్నవాడికి, చివర ఉన్నవాడికి ఒకే ప్రాజెక్టు రెండు వేర్వేరు కాలాలను ఇస్తుంది. మొదట ఉన్నవాడు వరి నారు ఎప్పుడు పోయాలో ఆలోచిస్తాడు. చివరి డిస్ట్రిబ్యూటరీ (పంపిణీ కాలువ) మీద ఉన్నవాడు తవ్విన కాలువలో నీటి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ, ఎగువ ఊరివాడు ఎక్కడ గండి కొట్టాడు, అధికారులు వారబందీ (వంతులవారీ నీటి విడుదల) ఎప్పుడు పెడతారు, ఎమ్మెల్యే ఎవరితో మాట్లాడాడు అన్నవి ఆలోచిస్తాడు. అతని భవిష్యత్తు ప్రకృతి చేతిలో కంటే కార్యాలయం చేతిలో ఎక్కువ ఉంది కాబట్టి, అతని ముందుచూపు సహజంగానే రాజకీయమవుతుంది. నది పక్కనే ఉండి నీరు అందకపోవడమన్నది తెలంగాణ ఉద్యమంలో నీళ్ల నినాదానికి అంత బలం ఎందుకిచ్చిందో ఎత్తుల పటం ముందు పెట్టుకుంటే చాలావరకు తెలుస్తుంది. వరంగల్‌కు దేవాదుల, కరీంనగర్ వైపు కాళేశ్వరం వంటి ఎత్తిపోతలు ఆ ఊహ నుంచే పుట్టాయి. రేపటి రోజు కింద ఎక్కడో ఉంది, యంత్రం పెట్టి పైకి తోడుకోవాలన్న ఊహ అది. 2019 జూన్‌లో కాళేశ్వరం ప్రారంభమైనప్పుడు పొంగిన ఉత్సాహానికీ, 2023 అక్టోబరులో అందులో భాగమైన మేడిగడ్డ బరాజ్ పియర్లు (స్తంభాలు) కుంగినప్పుడు కలిగిన దిగులుకూ ఇంజనీరింగును మించిన లోతు ఉన్నది అందుకే.

బొగ్గు ప్రాంతం ఈ మూడింటికీ భిన్నం. ఇల్లెందు దగ్గర 1871లో విలియం కింగ్ బొగ్గును గుర్తించాడు, 1889లో తవ్వకం మొదలైంది, 1920లో సింగరేణి కంపెనీ ఏర్పడింది. గోదావరి లోయ వెంట ఇల్లెందు, కొత్తగూడెం నుంచి భూపాలపల్లి, గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి దాకా బొగ్గు పొర ఉన్న చోటల్లా ఊరు పుట్టింది. చుట్టూ వాన కోసం ఆకాశం చూసే పల్లెలుంటే, బాయి (బొగ్గు గని) పనికి పోయే ఇంట్లో నెల జీతం, క్వార్టరు, ఆసుపత్రి, రిటైర్మెంటు తేదీ ఉంటాయి. ముప్పై ఏళ్ల అవతలి తేదీ ఒకటి కాగితం మీద ఉండడం మనిషి ఊహను ఎంత మారుస్తుందో రైతు కుటుంబం నుంచి వచ్చినవారికే తెలుస్తుంది. వారసత్వ ఉద్యోగం ఉన్న కాలంలో ఆ తేదీ ఇంకో తరానికి కూడా సాగింది. కానీ అదే మనుషులకు ఇంకో తేదీ కూడా తెలుసు: గని ఆయుష్షు. ఈ బాయిలో ఇన్నేళ్ల బొగ్గే ఉందని అందరికీ తెలిసిన ఊరు, తన ముగింపును తాను ముందే చూస్తున్న ఊరు. భూగర్భ గనులు మూతపడుతూ పోయిన బెల్లంపల్లిలో తిరిగితే అది తెలుస్తుంది. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న సింగరేణి ఉద్యోగులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. ఓపెన్‌కాస్టులు బొగ్గు ఎక్కువ తీస్తాయి, మనుషులను తక్కువ పెట్టుకుంటాయి. అందువల్ల అక్కడి కుటుంబాలు తమ జీవితాన్ని చాలా దూరం, చాలా స్పష్టంగా ఊహిస్తాయి, ఊరి జీవితాన్ని మాత్రం ఊహించవు. పిల్లల చదువు హన్మకొండలో, ఇంటి స్థలం కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో. నేను చూసినంతలో ఇంత పద్ధతిగా తాము ఉన్న చోటును వదిలేయడానికి సిద్ధమయ్యే ప్రజలు మరెక్కడా లేరు.

గల్ఫ్ ఊళ్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అందరికీ తెలిసిన కథ. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో భవిష్యత్తుకు వీసా గడువే కొలమానం. సాధారణంగా అది రెండేళ్లు. అక్కడ ఒక సంగతి మాత్రం చూడమంటాను: ఇళ్ల పైకప్పు మీద పిల్లర్ల చువ్వలు బయటికి వదిలి ఉంటాయి. ఇంకో అంతస్తు ఇంకో ట్రిప్పు మీద ఆధారపడి ఉంది. మనిషి దుబాయిలో ఉంటాడు, అతని రేపటి రోజు ఇక్కడ చువ్వల రూపంలో నిలబడి ఉంటుంది.

అడవి ప్రాంతంలో గడువును నిర్ణయించేది పట్టా. ఆదిలాబాద్ గోండు గూడేల్లో 1940లో కొమురం భీం జోడేఘాట్‌లో చనిపోయిన తర్వాతే నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపి పరిస్థితిని పరిశీలించింది, ఆ తర్వాత కొందరికి భూమి పట్టాలు వచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టాలు ఇంకో విడత. అటవీ సిబ్బంది ఎప్పుడొచ్చి కందకం తవ్వుతారో తెలియని పోడులో ఎవరూ మామిడి మొక్క నాటరు. చేతికి కాగితం వచ్చాక నాటుతారు. నేలలో తేడా లేదు, వానలో తేడా లేదు. ములుగు, భూపాలపల్లి వైపు మాత్రం కాగితంతో నిమిత్తం లేని గడువు ఒకటుంది: రెండేళ్లకోసారి మాఘ పున్నమికి వచ్చే మేడారం జాతర. బిడ్డ పుడితే, జబ్బు నయమైతే నిలువెత్తు బంగారం, అంటే మనిషి బరువు తూగే బెల్లం, ఇస్తామని మొక్కుకునేవాడు తన కోరికకు ఒక తేదీ పెడుతున్నాడు. అది పూర్తిగా ఆ అడవికి, ఆ స్థలానికి కట్టుబడిన తేదీ. మొక్కును మూఢనమ్మకం కింద తీసి పక్కన పెట్టే పరిశోధకులు ఎంత విలువైన ఆధారాన్ని పోగొట్టుకుంటున్నారో వారికి తెలియదు.

వరంగల్ నగరం మాటకొస్తే, ఇది ఇతరులు ప్రకటించిన భవిష్యత్తుల మీద బతికిన ఊరు అని నా అంచనా. 1959లో ఆర్‌ఈసీ (రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ) వచ్చింది, అది నిజంగానే వచ్చింది. కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ 1980ల నుంచి మాటల్లో ఉంది. ఆ దశకంలో కోచ్ ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకు పోయింది, ఇక్కడ వ్యాగన్ల తయారీకి శంకుస్థాపన 2023లో జరిగింది. మామునూరు విమానాశ్రయం నిజాం కాలంలో ఉండి, మూతపడి, దశాబ్దాలుగా మళ్లీ వస్తుందని వినిపిస్తూనే ఉంది. ఆజంజాహి మిల్లు 1934లో మొదలై ఈ శతాబ్దం తొలి ఏళ్లలో కథ ముగించుకుంది, తర్వాత 2017లో టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. హైదరాబాద్‌కు రైల్లో రెండు మూడు గంటల దూరంలో ఉండడం ఈ ఊరి అసలు భూగోళం. అంత దగ్గరగా ఉన్న మహానగరం ప్రతి తరంలోనూ చదువుకున్నవారిని లాక్కుపోతుంది, మిగిలినవారికి ప్రకటనలు మిగులుతాయి. ఈ మాట స్థానికులకు కోపం తెప్పించవచ్చు, నేనూ స్థానికుడినే.

ఇక్కడ మీ వాదనలో ఒక బలహీనత గురించి హెచ్చరించాలి. ఊరు మొత్తానికి ఒకే ముందుచూపు ఉంటుందని అనుకోవద్దు. పాకాల కిందనే, లేదా మరే పెద్ద చెరువు కిందనైనా, భూమి ఉన్న రైతు యాసంగి చివరి తడికి చెరువులో ఉన్న నీరంతా వదలమంటాడు. చేపల మీద బతికే ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలు మే నెల దాకా కొంత నీరు నిలవాలంటాయి. ఒకే నీరు, ఒకే కట్ట, ఏప్రిల్‌లో రెండు ఎదురెదురు భవిష్యత్తులు. భూమి లేక నాట్లకు, కోతలకు పోయిన కుటుంబాలకు చెరువు నిండడమంటే కొన్ని వారాల కూలీ మాత్రమే. ఆ ధీమా, ఎనిమిది వందల ఏళ్ల కట్ట ఇచ్చే ధీమా, వారికి ఎన్నడూ పూర్తిగా అందలేదు. వరి కోత యంత్రాలు వచ్చాక ఉన్నదీ తగ్గింది. ఆ ఇళ్ల పిల్లలు ముందుగా ఊరు దాటడంలో ఆశ్చర్యం లేదు. ఆడపిల్లల విషయం మరీ వేరు. నీళ్లు లేని ఊరికి పిల్లనివ్వమని అనడం మన వైపు మామూలే కాబట్టి, ఆమె భవిష్యత్తు పుట్టిన ఊరి నీటి కంటే మెట్టిన ఊరి నీటితో ముడిపడి ఉంటుంది. ఒకే ఇంట్లో అన్నాచెల్లెళ్లు రెండు వేర్వేరు పటాలను ముందు పెట్టుకొని ఆలోచిస్తుంటారు. మీ సర్వేలో ఇంటి యజమానిని మాత్రమే అడిగితే ఇదంతా జారిపోతుంది.

రెండో హెచ్చరిక వాన గురించి. నేను చెప్పిన చెరువు లెక్కలన్నీ గతంలో పడిన వానలాగే రేపూ పడుతుందన్న నమ్మకం మీద నిలిచినవి. 2023 జూలై చివర ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. వరంగల్ ప్రాంతంలో ఏడాది మొత్తం పడే వాన సుమారు వెయ్యి మిల్లీమీటర్లు. అదే వానకు మోరంచపల్లి నీట మునిగింది. మరుసటి ఏడాది సెప్టెంబరు 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. మత్తడి దూకడం శుభమని పూజలు చేసిన ఊళ్లలో ఇప్పుడు నల్లమబ్బు పట్టిన రాత్రి కట్ట మీద కాపలా కాస్తున్నారు. అంటే ఎగువ చెరువు నిండిందన్న వార్త విని సంతోషించాలో సామాన్లు సర్దుకోవాలో తెలియని కాలం వచ్చింది. మీ పరిశోధనలో ఇది తప్పక ఉండాలి, ఎందుకంటే స్థలం నేర్పిన ముందుచూపు పనికిరాకుండా పోతున్న దశను నేరుగా చూసే అవకాశం మీ తరానికి దొరికింది.

పద్ధతి గురించి నా సలహా. “మీ భవిష్యత్తు ఎలా ఉంటుందనుకుంటున్నారు” అని నేరుగా అడగవద్దు. పెద్దమనిషి ముందు కూర్చొని అందరూ “అంతా దేవుడి దయ” అంటారు, మీరు దాన్ని తలరాత మీద నమ్మకమని రాసుకుంటారు. దాని బదులు గడువు ఉన్న వస్తువులను లెక్కించండి. గత పదేళ్లలో ఏ చెట్టు నాటారు: నాలుగేళ్లకు నరికే జామాయిలా, నాలుగేళ్లకు కాపు మొదలై పాతికేళ్లు కాసే ఆయిల్‌పామా, మామిడా? అప్పు ఎవరి దగ్గర, ఎన్నాళ్లకు? బంగారం గిర్వి (తాకట్టు) పెట్టినది విడిపించుకోవడానికి ఏ నెల అనుకున్నారు? చిట్టీ ఎన్ని నెలలది, ఎందుకోసం కట్టారు? ఏ మొక్కు తీరలేదు? ఇంటి పైన చువ్వలున్నాయా? ఈ ప్రశ్నలకు ఎవరూ మొహమాటపడి అబద్ధం చెప్పరు, జవాబులు సంవత్సరాల్లో కొలవవచ్చు.

ఊళ్ల ఎంపికలో పాకాలను, జనగామను పోల్చడం ఆకర్షణీయంగా ఉన్నా, రెండింటి మధ్య నీటితో పాటు మార్కెట్, రోడ్డు, రాజకీయ చరిత్ర కూడా మారతాయి కాబట్టి ఏది దేనికి కారణమో విడదీయలేరు. ఒకే డిస్ట్రిబ్యూటరీ మీద మొదటి ఊరు, చివరి ఊరు తీసుకోండి. వీలైతే అదే మండలంలో కాలువ అందని బోరు ఊరు ఇంకొకటి కలపండి. కులం, భూమి సమానంగా ఉన్న ఇళ్లను మూడింట్లోనూ ఎంచుకోండి. మీ సొంత బంధువుల ఊళ్లను మాత్రం వదిలేయండి. అక్కడ మీకు నిజం చెప్పడం వాళ్లకు కష్టం, వినడం మీకు కష్టం. ఇంకా, ఒకే ఇంటికి రెండుసార్లు వెళ్లాలి. రోహిణి కార్తెలో విత్తనాలు కొని పెట్టుకున్న రైతును అడిగితే ఎక్కడైనా ఆశావాదే కనిపిస్తాడు. పత్తి అమ్ముకొని అడ్తిదారు దగ్గర లెక్క చూసుకున్న జనవరిలో అడిగితే అదే మనిషి ఇంకోలా మాట్లాడతాడు. ఈ రెండు మాటల మధ్య తేడా ఏ ఊరిలో ఎంత ఉందో పట్టుకోగలిగితే మీ ప్రశ్నకు మొదటి గట్టి ఆధారం దొరికినట్టే.